అప్పు వసూలు – మర్యాద
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నాకు లభించిన విషయ మంత శోభాయమానమైనది కాదు. అప్పు వసూలును గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు కోరిరి. మన నేతగాండ్ర యిండ్లలో అప్పు మాట తలుపులు మూసికొనియే యాడుకొందుము. ఆ మూసిన తలుపే వసూలుకు వచ్చువానికి బలము. వాడు వీధిలో నిలిచి కేకవేసిన చాలును. నూలు కొనుటకు దాచిన సొమ్మైనను తెచ్చి వాని చేతిలో పోయుదుము.

తీసికొన్న అప్పు తీర్చవలసినదే. ఎగవేతకు ఉపాయములు చెప్పుటకు నేను రాలేదు. అయితే అప్పిచ్చినవానికి సొమ్ముపై హక్కు గలదు గాని మన మానముపై లేదు.

ఇది నా సొంత మాట కాదు. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో 60వ సెక్షనును చదువుడు. కోర్టులో డిక్రీ పొందిన సావుకారు సైతము కొన్ని వస్తువులను జప్తు చేయింపరాదు. ఋణస్థుని యొక్కయు, వాని భార్యాబిడ్డల యొక్కయు కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారముచే స్త్రీ విడువరాని యాభరణములు, సేద్యగాని పనిముట్లు, పశువులు, విత్తనపుగింజలు, చేతిపనివాని పనిముట్లు. చేనేతవానికి మగ్గము పనిముట్టు గాక మరేమి? కోర్టు అమీనాకే లేని యధికారము వీధి ఏజెంటునకు ఎక్కడిది? కాని మగ్గమునే తాకట్టు వ్రాసి యిచ్చినచో సంగతి వేరు. అట్టి కాగితముపై చేవ్రాలు చేయుటకు ముందు పదిమారు లాలోచింపుడు.

సొమ్ము డిక్రీ క్రింద స్త్రీని అరెస్టు చేయరాదని ఆ కోడే 56వ సెక్షనున చెప్పుచున్నది. చెల్లింప శక్తి లేని నిరుపేదను ఆ యొక్క కారణముచే చెరసాలలో పెట్టరాదని 1980లో జాలీ జార్జి వర్గీసు కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను "పోలీసులు వచ్చుచున్నారు" అను బెదిరింపు నేటికిని మన ఆడువారికి నిద్ర లేకుండ చేయుచునే యున్నది.

ఇక బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును పంపు ఏజెంట్ల మాట. 2022 ఆగస్టు 12వ తేదీని రిజర్వుబ్యాంకు వారొక యుత్తరువు వెలువరించిరి. ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను వసూలుకై ఫోను చేయరాదు. పలుమారు ఫోను చేసి వేధింపరాదు, పదిమందిలో అవమానింపరాదు, బంధుమిత్రుల జోలికి పోరాదు. సూక్ష్మఋణములకు అదే సంవత్సరపు వేరు నిబంధనలలో 9 గంటలకు ముందును, 6 గంటల తరువాతను కూడదనిరి. బ్యాంకు ఏజెంటు తన గుర్తింపుకార్డును, బ్యాంకువారి యధికారపత్రమును వెంట నుంచుకొనవలెనని 2008లోనే చెప్పియుండిరి. కనుక గుమ్మము కడ నిలిచిన మనుష్యుని మొదట అడుగవలసినది కాగితము. వేధింపు సాగినచో ఆ సంస్థకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, 30 దినములలో సమాధానము రానియెడల రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాయవచ్చును. అందుకు రుసుము లేదు.

చట్టమొక్కటే సర్వము చక్కజేయు నని నేననను. 2010 అక్టోబరున ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చినది. మహిళాసంఘముల స్త్రీలను ఇంటింటికి పోయి సిగ్గుపరచుట అంతవరకు మితిమీరి యుండెను. ఆర్డినెన్సుతో ఆ వేధింపు తగ్గినది, వసూళ్లు నిలిచినవి, వెంటనే అప్పు పుట్టుటయు నిలిచినది. అవసరమున్నవారు మరల ఊరి వడ్డీవ్యాపారి గుమ్మమే యెక్కిరి.

ఆ వడ్డీవ్యాపారు లెవరు? ముందువరుసయందు ఆసీనులైన పెద్దలు మన్నింపవలెను. మనవారిలోనే ఫైనాన్సులు నడుపువారున్నారు. ఆసాములకు నూలుతో పాటు అడ్వాన్సు లిచ్చు మాస్టరు వీవర్లున్నారు. సంఘభవనమునకు విరాళము లిచ్చినవారును వారే. వారి సొమ్ము లేనిదే అనేక మగ్గము లాడవు. రిజర్వుబ్యాంకు ఉత్తరువు వారికి వర్తింపదు. కాని ఖాళీ నోటుపై వ్రేలిముద్ర, ఖాళీ చెక్కుపై సంతకము తీసికొనుట మనలోను ఉన్నదికదా! చెల్లని చెక్కు 138వ సెక్షను క్రింద నేరమగును. సాధారణమైన బాకీ దానితో క్రిమినలు కేసుగా మారును. ఈ సంగతి సంతకము చేయువానికి చెప్పువారు అరుదు.

మరియొకటి చెప్పుటకు నోరాడకున్నది. ఇంటి యజమాని చనిపోయిన దినమున, బాకీ తేల్చినగాని పాడె లేవనీయమని అడ్డుపడుట మన పల్లెలలో విన్నమాటయే. తండ్రి అప్పుకై డిక్రీ యున్నను, ఆయన ఆస్తిలో తన చేతికి వచ్చినంతవరకే కుమారుడు బాధ్యుడని ఆ కోడే 50వ సెక్షనున వ్రాసియున్నది. చేతికి పాత మగ్గము తప్ప మరేమియు రాని పిల్లవానిని శవము ముందు నిలబెట్టి పూచీ వ్రాయించుకొనుట ఏ న్యాయము?

కావున నాదొక విన్నపము. ప్రతి శాఖయందును వారమునకొక సాయంకాలము చదువుకొన్న యువకుడొకడు సంఘభవనమున కూర్చుండి నోట్లు చదివి చెప్పుటకును, ఫిర్యాదులు వ్రాసిపెట్టుటకును ఏర్పాటు చేయవలెను. అప్పిచ్చు మనవారు ప్రతి చెల్లుకును రసీదు ఇత్తుమనియు, ఖాళీ కాగితములపై సంతకములు తీసికొనమనియు, చావింట బాకీ అడుగమనియు ఈ సభలోనే మాట యీయవలెను. ఈ తీర్మానమును సభవారి ముందుంచుచున్నాను. బలపరచుటకు ఫైనాన్సు నడుపు పెద్ద లొకరు లేవవలెనని నా కోరిక.