ప్రవచనములను చదువు విధము



1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని ఘోరమైన తుపాను దివిసీమను ముంచివేసి, రేపల్లె, బాపట్ల ప్రాంతములను పాడుచేసెను. వేలకొలది జనులు మరణించిరి. మా కాకుమానులో పండిన వరిచేలు నేలకొరిగినవి. కొలది దినములకు ఒక బోధకుడు వచ్చి, దానియేలు గ్రంథములోని దినములను లెక్కించి, రెండేండ్లలో లోకాంతము తప్పదని చెప్పెను. మా పెదతండ్రి దానిని నమ్మెను. మరుసటి యేడు కాలువకు నీరు వచ్చినను ఆయన నారుమడి దున్నలేదు. “కోయువారెవ్వరు?” అనెడివాడు. ఆ యేడంతయు ఆయన బిడ్డలు మా యింట భుజించిరి.

నాటినుండి ప్రవచనములను ఎట్లు చదువవలెనను ప్రశ్న నన్ను విడువలేదు. నాకు తెలిసిన మూడు సూత్రములను మనవి చేసెదను.

మొదటిది: ఆ మాట మొదట ఎవరితో చెప్పబడెనో విచారింపవలెను. క్రీ.పూ. 597లో యెరూషలేమునుండి బబులోనునకు చెరగా పోయిన వారికి యిర్మీయా ఒక లేఖ పంపెను. హనన్యా యనువాడు రెండేండ్లలో విడుదల కలుగునని చెప్పగా, యిర్మీయా 70 ఏండ్లు పట్టునని తెలిపి, ఇండ్లు కట్టుకొని తోటలు నాటుకొనుడని బోధించెను. క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును జయించిన పిదపనే వారికి తిరిగివచ్చుటకు వీలు కలిగెను.

రెండవది: గురుతులకు అర్థమును గ్రంథమునందే వెదకవలెను. దానియేలు చూచిన పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనియు, మేకపోతు గ్రేకుల రాజనియు ఆ యెనిమిదవ అధ్యాయమే చెప్పుచున్నది. ఆ మృగములకు నేటి వార్తాపత్రికలలోని దేశముల పేర్లు తగిలించుట తగదు.

మూడవది: హెచ్చరిక యెందుకు చేయబడెనో గ్రహింపవలెను. నలువది దినములలో నీనెవె నాశనమగునని యోనా చాటెను. జనులు మారుమనస్సు పొందిరి, పట్టణము నిలిచెను. యోనాకు కోపము వచ్చినది గాని, ఆ మాట చేయవలసిన పని చేసినది.

తేదీలు నిర్ణయించుట క్రొత్త కాదు. అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు 1844 అక్టోబరు 22వ తేదీని క్రీస్తు వచ్చునని యెదురు చూచిరి. కొందరు పంటలను కోయక పొలములలోనే విడిచిరి. ఆ దినము ఎవరికిని తెలియదని మత్తయి సువార్త యిరువదినాల్గవ అధ్యాయములో స్పష్టముగా నున్నది.

మా నాయనమ్మ ఒకనాటి రాత్రి యిర్మీయా లేఖను మా పెదతండ్రిచేత పైకి చదివించెను. తోటలు నాటుకొనుడను చోట ఆయన ఆగి, చాలసేపు మాటలాడలేదు. తరువాతి తొలకరికి అరక కట్టెను. పంట వచ్చెను గాని, అప్పుక్రింద పోయిన రెండెకరములు తిరిగి రాలేదు.

కావున ఎవరైన తేదీ చెప్పినప్పుడు మీరు మూడు ప్రశ్నలడుగుడు: ఈ మాట మొదట ఎవరికి? దీని అర్థము గ్రంథములో ఎచ్చట నున్నది? ఇది నన్నేమి చేయుమనుచున్నది? ఉత్తరములు విన్న పిమ్మటనే మీ నారుమడి సంగతి నిశ్చయించుకొనుడు.