మీరు ఎలా చదివితే గుర్తుంటుంది?

ఇంటర్ చదివే పిల్లలు చాలామంది నాతో అనే మాట ఒకటుంది. "సార్, ఇంట్లో నాలుగుసార్లు చదివాను, అంతా వచ్చేసింది. పరీక్ష హాల్లో కూర్చుంటే ఒక్క ముక్క గుర్తురాలేదు!" వెంటనే "నేను విజువల్ లెర్నర్‌నేమో, వింటే నాకు ఎక్కదేమో" అని ఒక పేరు తగిలించుకుంటారు.

ఇష్టం వేరు, గుర్తుండటం వేరు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు ఈ లెర్నింగ్ స్టైల్స్ మీద వచ్చిన పరిశోధనల్ని పరిశీలించారు. స్టైల్‌ను బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదన్నారు.

మరి ఏది పనిచేస్తుంది? 2006లో రోడిగర్, కార్పికీ కాలేజీ విద్యార్థులతో ఓ ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది!

మీరూ చేసి చూడండి. ఒకేలాంటి రెండు చిన్న పాఠాలు తీసుకోండి. రెండూ ఒకసారి చదవండి. తర్వాత ఒకటి మళ్లీ మళ్లీ చదవండి. రెండోది పుస్తకం మూసి రాయండి, తప్పిపోయింది చూసుకోండి. రెండింటికీ టైమ్ ఒకటే. వారం తర్వాత దేనికెన్ని జవాబులు వచ్చాయో లెక్కపెట్టండి.

బొమ్మ గీసుకుంటారా, పైకి చెప్పుకుంటారా, అది మీ ఇష్టం. పుస్తకం మాత్రం మూసే ఉండాలి. ఉంటానండీ.