సూది గుచ్చినా తెలియని చోటు

(వాన్ నగరంలో తెలుగువారి ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టర్ని కాదు. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమె ఒప్పుకున్నాకే, చదివి సరిదిద్దాకే ఈ నాలుగు మాటలూ మీ ముందు పెడుతున్నాను.

ఆపరేషన్‌లో రొమ్ము తీసేశారు. పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తీసి కొత్తగా ఆకారం కట్టారు. గాయాలన్నీ మానాక, నెలల తర్వాత, చివరగా మిగిలింది పచ్చబొట్టు. చనుమొన, దాని చుట్టూ ఉండే వలయం నిజంగా ఉన్నట్టే కనిపించేలా రంగులతో పొడుస్తారు. వెలుగునీడలు సరిగ్గా కుదిరితే చదును చర్మం మీద కూడా మొన ఎత్తుగా ఉన్నట్టే అనిపిస్తుంది.

పచ్చబొట్టు మనకు కొత్తేమీ కాదు. మా నాయనమ్మ చేతి మీద ఉండేది. చిన్నప్పుడు పొడుస్తుంటే ఇద్దరు గట్టిగా పట్టుకోవలసి వచ్చిందట. ఆ కథ విన్నవాణ్ణి కనక ఆ రోజు నేనే ఎక్కువ భయపడ్డాను. మిషను మొదలై పది నిమిషాలైంది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"లేదండీ" అంది. కళ్ళలో నీళ్ళు.

"మరెందుకు ఏడుస్తున్నావు?"

"లేదనే."

రొమ్ముకు స్పర్శనిచ్చే నరాలు పక్కటెముకల మధ్య నుంచి వస్తాయి. చనుమొనకు ముఖ్యమైనది వాటిలో నాలుగోది. రొమ్ము తీసేటప్పుడు ఇవి తెగుతాయి. ఆకారం కట్టగలరు గానీ, స్పర్శ చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. కొందరికి నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ అంచుల నుంచి కొంత వస్తుంది. ఇప్పుడు కొందరు సర్జన్లు నరాలను కూడా కలిపి కుడుతున్నారు.

అలాగని ఎవరికీ నొప్పి ఉండదనుకోకండి. ఒకచోట ఏమీ తెలియదు, ఇంకోచోట మిషను అదురు మాత్రమే తెలుస్తుంది, మచ్చ పక్కన చురుక్కుమంటుంది. మా ఆవిడకు సూది పై అంచుకు రాగానే "అబ్బా" అంది. పచ్చబొట్టు పొడిచే అమ్మాయి మిషను ఆపి, మత్తు క్రీము రాయనా అని అడిగింది. "ఒక్క నిమిషం ఆగమ్మా, నన్ను చూసుకోనీ" అని నవ్వింది మా ఆవిడ. తర్వాత క్రీము రాయించుకుంది.

మా అనుభవం నుంచి మూడు మాటలు. ఆపరేషన్‌కు ముందే స్పర్శ సంగతి సర్జన్‌ని అడగండి. మేము ఆకారం గురించే అడిగాం. పచ్చబొట్టప్పుడు నొప్పి పుడితే చెప్పండి, ఓర్చుకోవడం గొప్పేమీ కాదు. మూడోది, వేడితో జాగ్రత్త. మొదటి చలికాలంలో మా ఆవిడ వేడినీళ్ళ సంచి గుండెల మీద పెట్టుకుని పడుకుంది. పొద్దున చూస్తే బొబ్బ. కాలినట్టు తెలిస్తే కదా తీసెయ్యడానికి!

2011లో మన పక్కనే టొరంటోలో డాక్టర్ మిచెల్ బ్రౌన్ రొమ్ము పునర్నిర్మాణం మీద అవగాహన దినం మొదలుపెట్టారు. ఇప్పుడది అనేక దేశాలకు పాకింది. అక్టోబరులో జరిగే అలాంటి సభలకు వెళ్ళండి. మొహమాటం లేకుండా అడగండి.

చివరగా భర్తలకు ఒక మనవి. "ఇంక అంతా మామూలైపోయిందిగా" అనకండి. నేను అన్నాను. అద్దంలో కనిపించేది మామూలైంది, అంతే. లోపల ఎలా ఉందో ఆమెనే అడగండి. చెప్తుంది.

సెలవు.