అమృతవిలాస్: తొలి పంట



'నవ్వు నాలుగు విధాల చేటు' అని మనకు చిన్నప్పుడు చెప్పి పెంచారు. ఆ మాట మగపిల్లలకు కూడా చెప్పిన పెద్దవాళ్ళను నేనైతే చూడలేదు. సరే, ఆడపిల్ల పళ్ళు కనబడేట్టు నవ్వకూడదన్న ఆ ఇళ్ళలోనే అత్తగారూ కోడలూ, మామగారూ మనవలూ ఒకే గదిలో కూర్చుని పొట్ట చెక్కలయ్యేట్టు నవ్విన ఆదివారాలు కూడా వచ్చాయి. 2001 నవంబరు 18న జెమినీ టీవీలో 'అమృతం' మొదలైంది. 2007 నవంబరు 18 దాకా సరిగ్గా ఆరేళ్ళు, 313 భాగాలు నడిచింది. ఆరేళ్ళ కథా చెప్పను, భయపడకండి. తొలి ఏడాది గురించే నాలుగు మాటలు.

అమెరికా టీవీ వాళ్ళకి 'సీజను' అని ఒకటుంటుంది. చలికాలం ముందు మొదలుపెట్టి వేసవికల్లా ఆపేస్తారు, మళ్ళీ ఏడాది ఇంకో సీజను. మన డెల్టాలో సీజను అంటే సార్వా, దాళ్వా. 'అమృతం'కి ఆ విరామాలేవీ లేవు, వారం వారం వచ్చేసేది. అయినా సార్వా బియ్యానికీ దాళ్వా బియ్యానికీ తేడా మనకు అన్నం వార్చేటప్పుడే తెలిసిపోతుంది కదా, అలాగే ఆ తొలి రోజుల భాగాలకూ తర్వాత వచ్చినవాటికీ తేడా తెలుస్తుంది. అంచేత మొదటి ఏడాదిని తొలి పంట అనుకుందాం.

చూడనివారు ఉంటారేమో, కథ ఒక్క ముక్కలో చెబుతాను. అమృతరావు, ఆంజనేయులు స్నేహితులు, పక్కపక్క వాటాల్లో అద్దెకుంటారు. ఇద్దరూ కలిసి అమృతవిలాస్ అని ఒక హోటలు నడుపుతారు. అందులో పనికి సర్వం అనే కుర్రాడు. అద్దె కోసం వచ్చే ఇంటి యజమాని అప్పాజీ. అమృతం భార్య సంజీవని, అంజి భార్య శాంత. త్వరగా డబ్బు సంపాదించాలని మగవాళ్ళిద్దరూ ఏదో ఒక ఉపాయం పన్నుతారు, అది తిరగబడుతుంది, ఎక్కడ మొదలుపెట్టారో మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడతారు. అంతే! ఇందులో దుష్టుడు లేడు, విషప్రయోగం లేదు, తప్పిపోయిన కవలపిల్లలు లేరు.

ఈ 'మళ్ళీ మొదటికి రావడం' అనేదే మన ఆడవాళ్ళకు కలిసొచ్చిన సంగతి. రోజూ వచ్చే ధారావాహికలు ఒక్క నాడు చూడకపోతే మర్నాడు పక్కింటావిడను అడిగి తెలుసుకోవాలి. ఇది అలా కాదు. రెండు వారాలు చుట్టాలొచ్చి చూడలేకపోయినా మూడో వారం హాయిగా కూర్చోవచ్చు. అప్పాజీ అద్దె అడుగుతూనే ఉంటాడు. ఆ మాటకొస్తే మన ఇళ్ళలో మాత్రం ఏమిటి? పొద్దున కడిగిన గిన్నెలు రాత్రికి మళ్ళీ తొట్టిలోనే ఉంటాయి.

ఈ తరహా హాస్యం టీవీకి కొత్త కాదు. 1951 అక్టోబరులో అమెరికాలో 'ఐ లవ్ లూసీ' మొదలైంది. అందులోనూ రెండు జంటలే. ఫ్రెడ్, ఎథెల్ దంపతులు ఆ ఇంటి యజమానులు కూడాను. దూరదర్శన్‌లో 1984లో హిందీలో 'యే జో హై జిందగీ' వచ్చింది. తెలుగులో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందో బ్రహ్మ' హైదరాబాదు దూరదర్శన్‌లో నవ్వించింది. అయితే నన్నడిగితే లూసీకీ 'అమృతం'కీ మధ్య ఒక ముచ్చటైన తేడా ఉంది. అక్కడ పథకాలు వేసేది భార్య, ఆవిణ్ణి ఆపలేక సతమతమయ్యేది భర్త. మన గున్నం గంగరాజు గారు దాన్ని తిరగేశారు. ఇక్కడ పథకాలన్నీ మగవాళ్ళవి. పెళ్ళాలకు తెలిస్తే ఏమవుతుందోనన్న బెదురూ వాళ్ళదే. మన సంసారాలు తెలిసిన మనిషి చేసిన మార్పు సుమండీ ఇది.

గంగరాజు గారు అంతకుముందు, 1996లో, పిల్లలతో 'లిటిల్ సోల్జర్స్' సినిమా తీసినవారు. తర్వాత సినిమా దర్శకుడిగా పేరు తెచ్చుకున్న చంద్రశేఖర్ యేలేటి 'అమృతం' మొదటి రోజుల్లో దర్శకత్వం చేశారు. మొదట్లో వచ్చే పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి గారిది, బాణీ కల్యాణి మాలిక్‌ది. స్నేహితుడు అంజిని పిలిచి కష్టం గురించి ముచ్చటించినట్టు సాగే పాట. ఆ పాట వినబడగానే పొయ్యి తగ్గించి ముందుగదిలోకి వచ్చిన వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఇక మన వైపు సంగతి. బందరు నుంచి ఎంతో దూరం లేదు కూచిపూడి. కూచిపూడి అనగానే భామాకలాపం, సత్యభామ జడ గుర్తొస్తాయి. పగటి వేషాలను మాత్రం మరిచిపోతాం. కూచిపూడి భాగవతులు పట్టపగలు వీధిలోకి వేషం కట్టి వచ్చేవారు. సోమయాజులూ సోమిదేవమ్మా వేషం అందులో పేరున్నది. మొగుడూ పెళ్ళాం, వాళ్ళ ఆచారం, ఆశ, వాదులాట. అరుగు మీద నిలబడి చూసే ఇల్లాలికి ఆ సోమయాజులు తన వీధిలో ఎవరో తెలుసు. ఆ ఎవరో కూడా పక్కనే నిలబడి నవ్వుతుంటాడు. అలాంటి నవ్వు చూసి పెరిగిన సీమకు అప్పాజీనీ సర్వాన్నీ ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేకపోయింది.

ఇప్పుడు మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పనివ్వండి. మా పెద్దాడపడుచుగారిది దివిసీమ, నాగాయలంక దగ్గర. ఆ ఇంట్లో ఉప్పెన గురించి మాట్లాడుకుంటారు. 1977 నవంబరు 19 రాత్రి నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో, ఎవరు ఏ చెట్టు పట్టుకుని బతికారో పిల్లలకు కూడా తెలుసు. రొయ్యల గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. 1990ల మొదట్లో ఆ ఊళ్ళలో వరి పొలాలు తవ్వి టైగరు రొయ్యల చెరువులు వేశారు. ఒక్క పంటకే డాబా వేసినవాళ్ళు ఉన్నారు. మా వదినగారి గాజులు, నానుతాడు తాకట్టుకు వెళ్ళాయి. 1994-95లో తెల్లమచ్చల తెగులు వచ్చి చెరువులకు చెరువులు పోయాయి. గాజులు తిరిగి రాలేదు. ఉప్పెన దేవుడు చేసింది, పదిమందికీ చెప్పుకోవచ్చు. చెరువు మనం తవ్వుకున్నది, ఎవరికి చెప్పుకుంటాం?

2002 సంక్రాంతి పండగల్లో మేం అక్కడ ఉండగా ఆదివారం వచ్చింది. అందరం 'అమృతం' చూస్తున్నాం. ఇంకా చేతిలో పైసా పడకముందే వచ్చే లాభం ఏం చేసుకోవాలా అని అమృతం, అంజి తెగ లెక్కలు వేస్తున్నారు. అన్నయ్యగారు ఫక్కున నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "మనం ఇంతకన్నా బాగా వేశాం కదే లెక్కలు" అన్నారు. వదినగారు నవ్వలేదు. "వెయ్యక! మీకు కాగితాలు ఇచ్చింది నేనే, చంటిదాని నోటుబుక్కు చింపి" అన్నారు. గదిలో ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆవిడే గట్టిగా నవ్వేసి మజ్జిగ తేవడానికి లేచారు. ఏడేళ్ళలో ఆ ఇంట్లో చెరువు మాట ఎత్తడం అదే మొదలు. అప్పు అంతా తీరిపోయిందని కాదు. నలుగురిలో అనుకోగలిగారు, అంతే.

అందుకే నేనంటాను, ఆ తొలి ఏడాది హాస్యానికి మూలం మాటల చమత్కారం కాదు, డబ్బు లేకపోవడం. సినిమాల్లో హాస్యమంటే లావుగా ఉన్న ఆడమనిషినో, నత్తివాణ్ణో చూసి నవ్వడం మనకు అలవాటు చేశారు. ఇందులోనూ అంజి బట్టతల మీద ఛలోక్తులు లేకపోలేదు, పెళ్ళాం పోరు అనే పాత సరుకూ అక్కడక్కడ తగులుతుంది. అవి నాకు నచ్చవు. అయినా కథను నడిపించేది మాత్రం మనిషి ఆశ. పక్కవాడు ముందుకు వెళ్ళిపోతున్నాడే అన్న ఆరాటం. ఆ సంవత్సరాల్లో గుడివాడలో గానీ బందరులో గానీ మధ్యతరగతి ఇంట ఆ ఆరాటం లేనిదెవరికి? పిల్లవాడి ఇంజనీరింగు సీటు ఒక పక్క, చీటీ పాట ఒక పక్క, అద్దె ఒక పక్క.

తొలి భాగాలకున్న ఇంకో గుణం ఏమిటంటే, ఆ మనుషులకు తాము నవ్విస్తున్నామని ఇంకా తెలియదు. మొదట్లో అమృతం పాత్ర వేసినది శివాజీరాజా. తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ఎక్కువమందికి హర్షవర్ధనే గుర్తు. చక్కగా చేశాడు, కాదనను. కానీ శివాజీరాజా ముఖంలో నిజంగా రేపటి ఖర్చుకి బెంగపడే సంసారి కనబడతాడు. మొదటి సంజీవని ఝాన్సీ. ఆవిడ ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటే చాలు, మొగుడు తడబడేవాడు. అంజిగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి మాత్రం మారలేదు. పోనుపోను వాళ్ళు తెరమీదికి రాగానే మనం ముందే నవ్వడం నేర్చుకున్నాం. చుట్టరికం పెరిగితే అంతే కాబోలు. తొలి ఏడాది అలా కాదు, ఏమవుతుందోనని చూసేవాళ్ళం.

హనుమంతరావు గారు బెజవాడ మనిషి. 2018 ఫిబ్రవరిలో పోయారు. 2020 ఉగాది నాడు, మార్చి 25న, 'అమృతం ద్వితీయం' జీ5లో మొదలైనప్పుడు అంజి పాత్ర ఎల్‌.బి. శ్రీరామ్ గారు వేశారు. ఆయన గొప్ప నటుడే. కానీ దేశమంతా తలుపులు వేసుకుని కూర్చున్న ఆ రోజుల్లో మా ఇంట్లో పిల్లలు యూట్యూబులో పాతవే వెతికి పెట్టుకున్నారు. వాటికి పుట్టిన సంవత్సరంలో పుట్టిన పిల్లలు! ఇంటి యజమాని అద్దె కోసం తలుపు కొట్టడమేమిటో వాళ్ళకు తెలియదు, అద్దె కూడా ఫోనులోనే కడుతున్నారు. అయినా నవ్వారు. ఎక్కడ నవ్వారో గమనించాను. అమృతం, అంజి లాభాలు పంచుకుంటున్న చోట.

మీరూ ఒక ఆదివారం, వంట ముగించుకుని, ఆ తొలి భాగాల్లో ఏదో ఒకటి పెట్టి చూడండి. ఒక్కరే కూర్చోవద్దు, ఇంటాయన్ని కూడా పిలవండి. కాస్త మజ్జిగ కలిపి దగ్గర పెట్టుకోండి.

ఇక సెలవు.