పింఛను తీసుకునేవాడు పని చెయ్యగూడదా?

(నందిగామలోనూ, జగ్గయ్యపేటలోనూ వికలాంగుల మధ్య మేము మాట్లాడిన మాటల పాఠం)



మన మెట్ట ఊళ్ళల్లో ఈ మధ్య ఒక మాట తిరుగుతోంది. "వాడు పనికి పోతన్నాడు గదా, వాడికి పింఛను దేనికి?" ఈ మాట ఊళ్ళో అరుగు మీద పుడుతుంది. టీకొట్టు కాడ పెరుగుతుంది. సచివాలయం దాకా పోయి అర్జీ అవుతుంది. చివరికి మన గుమ్మంలోకి నోటీసై వస్తుంది. ఆ మాట ఎంత నిజమో, దాని వెనక ఎవరున్నారో ఇయ్యాళ తేల్చుకుందాం.

ముందు మనవాళ్ళు ఏం పని చేస్తున్నారో చూద్దాం. మిరప కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతుంది పోలియో కాలు అక్క. నిలబడి పత్తి తియ్యలేదు గాబట్టి ఈ పని చేస్తుంది, కూలి కూడా తక్కువే ఇస్తారు. ఒక చెయ్యి పోయిన అన్న బజార్లో సోడాబండి పెట్టుకున్నాడు. చెవులు వినపడని తమ్ముడు సిమెంటు ఫ్యాక్టరీకి పోయే లారీల కాడ క్లీనరు పని చేస్తాడు. చూపు తక్కువైన పెద్దమ్మ రెండు గొర్రెల్ని మేపుకుంటుంది. ఇవీ మన 'ఉద్యోగాలు'! వీటిని చూసి "బాగానే ఉన్నాడు, సంపాదిస్తున్నాడు" అంటున్నారు.

సరే, చట్టం ఏమంటుంది? వికలాంగుడు పని చెయ్యగూడదని ఏ చట్టంలోనూ లేదు. పైగా 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం మనకు కేటాయించమంటుంది. పని చెయ్యగూడని వాళ్ళకు ఉద్యోగాల్లో రిజర్వేషను ఎందుకు పెడతారు? అదే చట్టం 24వ సెక్షన్లో సామాజిక భద్రత గురించి చెప్పింది. ఇతరులకిచ్చే అలాంటి సాయం కన్నా వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వమంది. పనీ కావాలి, సాయమూ కావాలి అని ఒకే చట్టం ఒకే నోటితో చెప్పింది.

ఇంకా వెనక్కి పోదాం. బాబాసాహెబు రచనా సంఘానికి అధ్యక్షుడుగా ఉండి తయారుచేసిన రాజ్యాంగంలో 41వ అధికరణం ఉంది. పని హక్కు, చదువు హక్కు, నిరుద్యోగంలోనూ ముసలితనంలోనూ రోగంలోనూ అంగవైకల్యంలోనూ ప్రభుత్వ సాయం పొందే హక్కు - ఈ మూడింటినీ ఆ అధికరణం ఒకే వాక్యంలో కట్టింది. అది ఆదేశిక సూత్రమే, కోర్టుకెక్కి అమలు చేయించుకునేది కాదంటారు. కాకపోవచ్చు. కానీ పనినీ సాయాన్నీ ఒకదానికొకటి శత్రువుల్ని చెయ్యమని మాత్రం అందులో రాయలేదు. వాటిని శత్రువుల్ని చేసింది ఊళ్ళో అరుగులూ, ఆఫీసుల్లో బల్లలూ.

మరి పింఛను రూల్సు ఏమంటున్నాయి? మన రాష్ట్రంలో ఇది రెండు గేట్లు. మొదటిది శాతం గేటు. సదరం క్యాంపులో డాక్టరు 40 శాతం, ఆ పైన రాస్తేనే లోపలికి పోతాం. రెండోది పేదరికం గేటు. 2019 డిసెంబరులో వచ్చిన నిబంధనల్లో కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటగూడదన్నారు. మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలన్నారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండగూడదు, ఆదాయపు పన్ను కట్టేవాడుండగూడదు, కారుండగూడదు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటగూడదు. మళ్ళీ చదవండి. 'పని చెయ్యగూడదు' అనే మాట ఎక్కడన్నా ఉందా? లేదు.

ఎకరాల లెక్క మనకు అడ్డం రాదులెండి. మనకు భూమే లేదు! అడ్డమొచ్చేది ఆదాయం గీత. లెక్కేద్దాం. 2019-20లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 211 రూపాయలు. అప్పుడు ఒక కుటుంబం నెలకు 47 పనులు చేసినా పదివేల గీత దాటదు. 2024-25కు అదే కూలి 300 అయ్యింది. ఆ కూలితో 34 పనులు చేస్తే 10,200. అంటే ఇంట్లో ఇద్దరు నెలకు 17 రోజులు పనికి పోతే ఆ ఇల్లు కాగితం మీద 'ధనవంతుల' ఇల్లు! కూలి పెరిగింది, కందిపప్పు ధర పెరిగింది, గీత మాత్రం గీసినచోటే ఆగితే దాని కింద నిలబడే చోటు ఏటేటా ఇరుకైపోదా?

రోజు కూలి ఎవరు లెక్కగడతారులే అనుకోవచ్చు. నిజమే, మామూలుగా ఎవరూ లెక్కగట్టరు. కానీ రూలు తల మీద వేలాడుతూనే ఉంటుంది. ఎవరికి మన మీద కోపమొస్తే వాళ్ళు దాన్ని అందుకుంటారు. ఓటు మాటొచ్చినా, గట్టు తగాదా వచ్చినా, "మా పొలానికి పనికి రాలేదు" అన్న కక్ష వచ్చినా అర్జీ పోతుంది. అదీ అసలు భయం.

ఈ భయం ఏం చేస్తోందో మనందరికీ తెలుసు. కాంట్రాక్టరు కింద గేటు కాడ కూర్చునే పని దొరుకుతుంది. జీతం చీటీ పుడుతుంది, పీఎఫ్ నంబరు పుడుతుంది. "వద్దురా అయ్యా, ఆర్నెల్లకు వాళ్ళు తీసేస్తే ఉన్న పింఛనూ పోతుంది" అని తల్లి చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆ తల్లిని తప్పుపట్టలేం. పోయిన పింఛను మళ్ళీ రావాలంటే ఎన్ని మెట్లెక్కాలో ఆమెకు తెలుసు. అట్లా మనవాళ్ళు చీటీ పుట్టని పనికే పోతున్నారు. చీటీ లేని పనిలో కూలి తక్కువ, దెబ్బ తగిలితే దిక్కు లేదు. మనల్ని దొంగచాటు పనికి నెట్టేదీ వీళ్ళే, దొంగచాటుగా చేస్తున్నారని వేలు చూపేదీ వీళ్ళే.

దొంగ! ఈ మాట మనకు కొత్తది కాదు. ఈ దారి పక్కనే ఉన్న కంచికచర్లలో 1968లో కోటేశు మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. అప్పుడు బిందె దొంగ అన్నారు. ఇప్పుడు పింఛను దొంగ అంటున్నారు. మన ఒళ్ళు వాళ్ళ పొలంలో వంగినంతకాలం మనం మంచివాళ్ళం. ఆ ఒళ్ళు విరిగితే దండగ. విరిగిన ఒంటితోనే మన బతుకు మనం లాక్కుంటే దొంగ!

అసలు పింఛను దేనికి? ఊరకే కూర్చున్నందుకు ఇచ్చే జీతం కాదది. విరిగిన ఒంటితో బతకడానికి అయ్యే ఖర్చు వేరు. బస్సెక్కలేనివాడు ఆటోకు ఇస్తాడు. కాలిపర్సు బెల్టు తెగుతుంది. ఆస్పత్రికి పోతే తోడు ఒకరు రావాలి, ఆ తోడొచ్చినవాళ్ళ కూలి ఆ రోజుకు పోతుంది. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయ్యింది. మంచిదే, పెంచినందుకు కాదనం. రోజుకు 200 పడుతుంది. అది ఈ ఖర్చులకే చాలదు. పనికి పోయినంత మాత్రాన కాలు మొలుస్తుందా, ఖర్చు తగ్గుతుందా? కేంద్రం సంగతి చెప్పుకుంటే సిగ్గు. 80 శాతం దాటిన నిరుపేదలకు 2012లో నెలకు 300 చేసింది. పదేళ్ళు దాటినా ఆ అంకె కదల్లేదు. పేరు మాత్రం 2015 నుంచి 'దివ్యాంగులు' అని మార్చింది. మనల్ని 'హరిజనులు' అన్నప్పుడు బావిలో నీళ్ళు దొరికినయ్యా?

దొంగ సర్టిఫికెట్లు లేవని మేమనం. డబ్బిచ్చి శాతం కొనుక్కున్నవాళ్ళున్నారు. వాళ్ళను తియ్యండి, మేమూ సాయం వస్తాం. అది మా కంచంలో కూడే. కానీ 2025లో జరిగిన తనిఖీలు చూడండి. ఏండ్ల తరబడి పింఛను తీసుకున్నవాళ్ళకు మళ్ళీ కొలత పెట్టి, 40కి తగ్గిందని ఆగస్టులో నోటీసులిచ్చారు. వికలాంగులు రోడ్డెక్కారు. అప్పీలు చేసుకున్నవాళ్ళకు పింఛను ఆపబోమని సర్కారు చెప్పాల్సొచ్చింది. ఇది అడిగినందుకు వచ్చింది, ఊరకే రాలేదు. 1994లో దండోరా వేసిన మంద కృష్ణ మాదిగ వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నడిపించారు. కులం పోరాటం, వైకల్యం పోరాటం రెండూ ఒక ఇంటివేనని ఆ పని చూపించింది.

శాతం సంగతి ఇంకొకటి. పనిలో దెబ్బ తగిలినవాడికి నష్టపరిహారం లెక్కగట్టే చట్టం 1923 నుంచీ ఉంది. 2020లో దాన్ని సామాజిక భద్రత కోడులో కలిపారు. ఆ 1923 చట్టం పట్టికలో బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. ఆ లెక్క వేరు, సదరం లెక్క వేరు. సదరం ఒంటిని కొలుస్తుంది గాని ఆ ఒంటికి ఏ పని దొరుకుతుందో కొలవదు. కుర్చీలో కూర్చుని రాసుకునేవాడికి కాలు పోవడమూ, నాగలి పట్టేవాడికి కాలు పోవడమూ దానికి ఒకటే. మనకు మాత్రం ఒకటి కాదు. చదువు అందనివ్వని కులంలో పుట్టినవాడికి ఒళ్ళే ఆస్తి.

అందుకని మనం చెయ్యాల్సినవి చెప్పుకుందాం. పాత సర్టిఫికెట్లు, ఆస్పత్రి చీటీలు పారెయ్యొద్దు, నకళ్ళు తీసి పెట్టుకోండి. నోటీసొస్తే భయపడి ఇంట్లో దాచొద్దు. గడువు లోపల అప్పీలు రాసి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఏ కారణంతో తీశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో ఊరి స్థాయిలో దానికి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. నలుగురిలో "కుంటిదానా, గుడ్డోడా" అని కావాలని అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా జైలుంది. కులం పేరు కూడా తగిలిస్తే 1989 అట్రాసిటీ చట్టం వేరే ఉంది. రెండూ గుర్తుపెట్టుకోండి.

సర్కారును అడగాల్సినవి: ఆదాయం కుటుంబానిది కాదు, మనిషిది చూడాలి. కూలి పెరిగినప్పుడల్లా ఆదాయం గీత కూడా పెరగాలి. పనిలో చేరినవాడి పింఛను వెంటనే కోయగూడదు. పని పోతే ఆ నెల నుంచే, మళ్ళీ క్యాంపుల చుట్టూ తిప్పకుండా పింఛను ఇవ్వాలి. శాతం తగ్గిస్తే ఎందుకు తగ్గిందో డాక్టరు మనకర్థమయ్యే తెలుగులో రాసివ్వాలి.

2022లో మన జిల్లా పేరు కృష్ణా పోయి ఎన్టీఆర్ అయ్యింది. జిల్లా మారింది గాని అరుగులు మారలేదు. ఆ అరుగు మీద రేపు ఎవరన్నా "పనికి పోతన్నావు, పింఛను దేనికి" అంటే తలొంచుకుని పోవద్దు. "పని నా హక్కు, పింఛను నా హక్కు, నీ కెందుకు కడుపుమంట?" అని అడగండి. ఒక్కరుగా అడగలేకపోతే నలుగురం కలిసి పోయి అడుగుదాం.

జై భీం!