ఎంజైము మూతికి చిక్కము

గ్రామ పంచాయతీ సభ్యులారా,

కుప్ప నూర్చునపుడు ఎద్దు గింజలు తినకుండ మూతికి చిక్కము కట్టుదుము. అటువంటి చిక్కము సూక్ష్మజీవుల లోకమునను కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. అది బాక్టీరియాను గోడ కట్టుకొననీయక చంపును. కాని ఆ మందు ప్రజలకు అందకమునుపే, దానిని విరుగగొట్టు ఎంజైము కొన్ని బాక్టీరియాలలో కలదని 1940లో అబ్రహాం, చెయిన్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఈ జాతి ఎంజైములకు బీటా-లాక్టమేజులని పేరు. వీనిని తయారుచేయు జన్యువు ఒక బాక్టీరియానుండి మరొకదానికి సంక్రమింపగలదు. నిన్న రోగము కుదిర్చిన మందు నేడు కుదుర్చకపోవుటకు ఇది యొక ముఖ్య కారణము.

దీనికి విరుగుడు మట్టియందే దొరికినది. స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనునది నేలలో నుండు బాక్టీరియా. దానినుండి 1970వ దశకమున క్లావులానిక్ ఆమ్లమును తీసిరి. ఇది ఎంజైమునకు అంటుకొని దానిని పనిచేయనీయదు. అమాక్సిసిలిన్‌తో కలిపి 1981 నుండి దీనిని వాడుచున్నారు. అదే బాక్టీరియా తయారుచేయు 165 అమైనో ఆమ్లముల మాంసకృత్తు, అనగా ప్రోటీను, 1990లో వెల్లడియైనది. ఎంజైము మందును విరుచు చోటనే ఇది చొచ్చుకొని మూసివేయును. మేము చెప్పిన చిక్కము ఇదియే.

ఐనను ఈ ప్రోటీను ఇంకను ఔషధము కాలేదు. మ్రింగినచో పప్పులోని మాంసకృత్తువలె అరిగిపోవును. పెద్దది గావున అనేక బాక్టీరియాల పైపొర దాటి లోనికి పోవుట కష్టము. అన్ని బీటా-లాక్టమేజులను అణచనుజాలదు. దీని పొందికను చూచి చిన్న మందులను రూపొందింప శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు.

అంతవరకు ఉన్న మందులను కాపాడుకొనుట మన వంతు. విచ్చలవిడిగా వాడినకొలది, లొంగని క్రిములే మిగిలి వృద్ధిచెందును. కావున వైద్యుని చీటీ లేనిదే యాంటీబయాటిక్ కొనరాదు. జలుబునకు అది పనిచేయదు. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. కోళ్లకు, రొయ్యలకు పెరుగుదల కొరకు వేయరాదు. కోళ్లు, జలచరములు మున్నగు ఆహార జీవులకు కొలిస్టిన్ వాడుటకై అమ్మకమును భారత ప్రభుత్వము 2019లో నిషేధించినది.

రోగమే రాకున్న మందే అక్కరలేదు. మంచినీరు, మురుగు కాలువ, మరుగుదొడ్డి పంచాయతీ చేతిలోని పనులు. బాలింత జ్వరమునకు, పసివాని న్యుమోనియాకు ఈ మందులే దిక్కు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును ప్రజల ముందుంచవలసినదిగా కోరుచున్నాము.