ఎద్దు మెడపట్టీ, గుఱ్ఱపు జీను – వాటి శుభ్రత
(రుద్రంగి రైతుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మీ రుద్రంగికి ఒక ప్రక్క కోరుట్ల, మఱొక ప్రక్క వేములవాడ. రాజరాజేశ్వరస్వామి సన్నిధిలో కోడెమ్రొక్కు చెల్లింపని యిల్లు ఈ ప్రాంతమున అరుదు. కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేసి, గుడివద్ద కట్టి, చేతులు జోడించుచున్నాము. ఇంత భక్తి గల మనము, ఇంటికి వచ్చిన పిదప మన యెద్దు మెడపట్టీని కొట్టము మూలను పేడలో పడవేయుట న్యాయమా? నేడు మేము మీతో ముచ్చటింపదలచినది ఈ చిన్న విషయమును గుఱించియే.

ట్రాక్టర్లు వచ్చినవి, ఎద్దుల జతలు తగ్గినవి. అయినను ప్రత్తి సాళ్ల నడుమ గుంటుక తోలుటకు నేటికిని ఎద్దులను నమ్మిన రైతులు కలరు. గుఱ్ఱముల సంగతియు ఇట్టిదే. ఒకప్పుడు పట్టణముల వీథులలో తిరిగిన జట్కాలు నేడు కానరావు. హైదరాబాదు మలక్‌పేట పందెముల మైదానమునందును, పెండ్లి ఊరేగింపులందును గుఱ్ఱములను చూచుచున్నాము. ఎద్దు మెడపట్టీకైనను, గుఱ్ఱపు జీనుకైనను శుభ్రత విషయమున సూత్ర మొక్కటియే.

మా యింట జరిగిన పొరపాటును దాచక చెప్పెదము. ఒక యేడు పనులు ముగిసిన పిదప తోలుపట్టీలను కడుగకయే కొట్టములో వ్రేలాడదీసితిమి. మృగశిర కార్తె వచ్చినది, తొలకరి పడినది. ఆ తొందరలో పట్టీని త్రిప్పియైనను చూడక ఎద్దునకు కట్టితిమి. అది కట్టెవలె బిగిసియున్నది. అంచున పాత చెమట, మట్టి కలిసి గట్టిపడి యున్నవి. మొదటినాడు మెడమీద వెండ్రుకలు రాలినవి. రెండవనాడు వాచి వేడెక్కినది. మూడవనాటికి చర్మము లేచి పుండైనది, ఈగలు ముసిరినవి. ఎద్దు కాడి క్రిందికి రానన్నది. మేము దానిని మొండిదని అదలించితిమి! పట్టీని చేతబట్టి చూచినప్పుడు గాని తప్పు మాదని తెలియలేదు. పదునున్న దినములన్నియు పొరుగువారి యెద్దులకై ఎదురుచూచుటతో గడచిపోయినవి. మూగజీవి బాధ ఒకయెత్తు, తప్పిన అదను మఱొకయెత్తు.

తోలు ఏల గట్టిపడును? తంగేడు బెరడు, కరక్కాయ వంటి వాటి వగరు తోలును కుళ్లకుండ నిలుపును. దానిలోని జిడ్డు మెత్తదనము నిచ్చును. మాటిమాటికి తడిసి యెండినచో ఆ జిడ్డు పోవును. తోలు బిరుసెక్కి పగులును. ఎండిన చెమటలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొనును. అందుచే బూజు పట్టును. కొట్టములో పశువుల మూత్రము నుండి వెలువడు ఘాటైన ఆవిరి తోలును, కుట్లను కూడ తినివేయును. కావున పట్టీలను కొట్టములో నుంచరాదు. గాలి యాడు వేఱొక చోట, ఎలుకల కందకుండ తగిలింపవలెను.

చేయవలసిన పని మిక్కిలి స్వల్పము. ప్రతిదినము కాడి విప్పగానే తడిగుడ్డతో చెమటను, మట్టిని తుడువవలెను. వారమున కొకసారి మెత్తని సబ్బును కొద్దిగా నద్ది రుద్ది, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరవేయవలెను. వేడినీళ్లు, చాకలిసోడా తగవు. ఎండలోను, పొయ్యిదగ్గఱను ఆరవేయరాదు. కొంచెము చెమ్మ యుండగనే పలుచగా ఆముదము పట్టించినచో తోలు దానిని చక్కగా పీల్చుకొనును. అతిగా పూసినచో పట్టీ సాగును, కుట్లు చివుకును. ఇంజనులో వాడి పారవేసిన నూనె పనికిరాదు. అది పశువు చర్మమునకు కూడ హాని.

కాడి మెడకు తగులు చోటును అఱచేతితో తడిమి చూడవలెను. చేతికి గ్రుచ్చుకొన్న పేడు ఎద్దు మెడకు గ్రుచ్చుకొనదా? దానిని చిత్రికపట్టి నునుపు చేయవలెను. నైలాను త్రాళ్లు గట్టివే గాని చర్మమును కోయును. మెడకు తగులు మేర నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డను తఱచు ఉదుకవలెను.

గుఱ్ఱము గలవారు నోటి కడ్డీని దింపగానే మంచినీటితో కడుగవలెను; ఎండిన ఉమ్మి, మేత నోటిని గీరును. జీను క్రింది గుడ్డను వెండ్రుకలు లేకుండ దులిపి, ఉదికి, ఎండబెట్టవలెను. కడుపు క్రింది పట్టీని, రికాబు వారులను వంచి, కుట్లు చూచిన పిదపనే ఎక్కవలెను. అక్కడ తెగిన దారము మనిషి ప్రాణము మీదికి తెచ్చును.

చట్టము కూడ ఈ విషయమును మఱువలేదు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము పుండు వలన పనికి తగని పశువుచేత పని చేయించుట నేరము. 1965 నాటి నియమములు బండి లాగు, బరువు మోయు పశువునకు దినమునకు 9 గంటలు, ఎడతెగక 5 గంటలు మించి పని చెప్పరాదనుచున్నవి. ముండ్లు గల కాడిని, కళ్లెమును నిషేధించినవి. అయినను చట్టము వచ్చి మన కొట్టములో పట్టీ తుడువదు గదా!

ఈ ప్రాంతమున అనేక కుటుంబముల మగవారు గల్ఫు దేశములకు పోయియున్నారు. పశువుల బాధ్యత తల్లులపైనను, ముసలివారిపైనను పడినది. వారికి అలవికాని పనిని మేము చెప్పుట లేదు. ఒక గుడ్డపీలిక, చారెడు ఆముదము, సాయంకాలమున కొంచెము తీరిక – ఇంతియే కావలసినది.

నేడు ఇంటికి పోయి పట్టీని చేతబట్టి, లోపలి వైపు మీ మెడకు ఆనించి చూడుడు. అది మీకు గ్రుచ్చుకొన్నచో రేపు ఎద్దునకు కట్టకుడు. వారమునాళ్లు దాని మెడ బాగుగా నున్నదో లేదో చూచుకొనినచో, ఏడాదికి మీ సేద్యమును చూచుకొన్నట్లే.